వాక్యంలో నిలబడటం అంటే చుట్టపు చూపు కాదు, కాపురం

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఐదేళ్ల క్రితం యూత్ క్యాంపులో తీర్మానం చేసుకుని బాప్తిస్మం తీసుకున్నానన్నావు. మొదట్లో తెల్లవారుజామునే లేచి మోకరించేవాడివి. ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాక అంతా చల్లారిపోయింది. ఏటా జనవరి ఒకటిన బైబిలు మొత్తం చదవాలని మొదలుపెట్టడం, ఫిబ్రవరిలో మూడో పుస్తకం లేవీయకాండం దగ్గర ఆగిపోవడం. మెట్రోలో ప్రసంగాలు వింటున్నావు గాని దిగేసరికి ఒక్క మాటా గుర్తుండటం లేదు. చివర్లో, “అసలు నేనెప్పుడైనా నిజంగా నమ్మానా? చివరిదాకా నిలబడతానా?” అని అడిగావు. నా కొడుకు కంటే చిన్నవాడివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

నేను పాస్టరుని కాను. ముప్పై రెండేళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇరవై ఆరేళ్లుగా మా ఇంటి ముందు గదిలో శుక్రవారం సాయంత్రం బైబిలు స్టడీ జరుగుతోంది. నీ ప్రశ్నే అక్కడ కొందరు పైకి అడిగారు. కొందరు అడగకుండా మెల్లగా రావడం మానేశారు. ఆ మానేసినవాళ్లలో చాలామంది ఏదో పెద్ద పాపంలో పడి పోలేదు, దేవుడు లేడని తేల్చుకునీ పోలేదు. బైబిల్లో హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన ఉత్తరం, రెండో అధ్యాయం మొదట్లో “కొట్టుకొనిపోకుండునట్లు” అనే మాట ఉంది చూడు, అదే వాళ్లకు జరిగింది. ఒడ్డున కట్టిన పడవ తాడు ఊడితే చప్పుడు రాదు. నీకు కనీసం ఒడ్డు దూరమవుతోందని తెలిసింది. అది చిన్న సంగతి కాదు.

ముందు “నమ్మానా లేదా” అన్నదాని దగ్గరికి వస్తాను. యోహాను సువార్త 8వ అధ్యాయం 31వ వచనం తియ్యి. “మీరు నా వాక్యమందు నిలిచినవారైతే నిజముగా నాకు శిష్యులై యుండి సత్యమును గ్రహించెదరు.” దీని తర్వాత వచ్చే “సత్యము మిమ్మును స్వతంత్రులనుగా చేయును” అన్నది మనం గోడకు తగిలించుకుంటాం. కానీ ఈ మాట ప్రభువు ఎవరితో అన్నాడో చూడు: “తనను నమ్మిన యూదులతో.” అప్పటికే నమ్మినవాళ్లతో అన్నాడు. అలా మొదలైన సంభాషణ 59వ వచనానికి వచ్చేసరికి ఆయన మీద రువ్వడానికి రాళ్లు ఎత్తడంతో ముగుస్తుంది. మధ్యలో ఏం తేడా వచ్చిందో 37వ వచనంలో ఆయనే చెప్పాడు: “మీలో నా వాక్యమునకు చోటులేదు.” మొదటి రోజు ఎంత గట్టిగా నమ్మావన్నది ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు లోపల చోటు ఉందా అని చూశాడు. అందుకని ఐదేళ్ల క్రితం నాటి నీ తీర్మానం అసలుదా నకిలీదా అని తవ్వుకుంటూ కూర్చోకు. అలా తవ్వుకుంటూ ఏళ్లు గడిపినవాళ్లను చూశాను, వాళ్లకు జవాబు దొరకలేదు. చోటు ఈ రోజు కూడా చేయొచ్చు.

ఇప్పుడు ఆ “నిలిచి ఉండటం” అన్న మాట గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. నా వృత్తి అలాంటిది, ఓపిక పట్టు. ఒకసారి మా స్టడీకి బైబిలు కాలేజీలో గ్రీకు చెప్పే అధ్యాపకుడు ఒకాయన వచ్చారు. యోహాను సువార్త 15లో “నాయందు నిలిచియుండుడి” అని మళ్లీ మళ్లీ వస్తుంది కదా, మూలంలో అక్కడున్న గ్రీకు క్రియ ‘మెనో’ అనీ, అదే క్రియ మొదటి అధ్యాయంలోనే వచ్చేసిందనీ చెప్పారు. వెంటనే తీసి చూశాను. బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యులిద్దరు యేసు వెనక నడుస్తుంటే ఆయన వెనక్కి తిరిగి, మీరేమి వెదకుచున్నారని అడుగుతాడు. వాళ్లు సిద్ధాంతం అడగలేదు, అద్భుతం అడగలేదు. “రబ్బీ, నీవు ఎక్కడ కాపురమున్నావు?” అన్నారు. ఆయన వచ్చి చూడమన్నాడు. వాళ్లు వెళ్లి ఆ దినం ఆయన దగ్గర బస చేశారు.

కాపురం! మన పాత తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ ఆ మాట పెట్టడం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదిహేనో అధ్యాయంలో “నిలిచియుండుడి” అని చదివినప్పుడల్లా నేను ఎండలో అటెన్షన్‌లో నిలబడ్డట్టు ఊహించుకునేదాన్ని. కాళ్లు లాగినా, కళ్లు తిరిగినా పడిపోకూడదు. నీ ప్రశ్నలో కూడా “నిలబడతానా” అన్న చోట ఆ టెన్షనే కనిపించింది. కానీ అక్కడ ఉన్నది ఇల్లు. కాపురం అన్నాక అన్ని రోజులూ పండగ రోజుల్లా ఉండవు. పప్పులో ఉప్పు తక్కువైన రోజు ఉంటుంది, మాటలు లేని సాయంత్రం ఉంటుంది. అయినా రాత్రికి ఆ ఇంటికే చేరతాం. చుట్టపు చూపుగా వెళ్లినవాడికి కొత్త వంటకం కావాలి, మర్యాద కావాలి. కాపురం ఉండేవాడికి పొయ్యి ఎక్కడుందో తెలుసు.

నువ్వు వింటున్న ప్రసంగాలు నీలో ఎందుకు నిలవడం లేదో నాకు ఇక్కడే అర్థమవుతోంది. మంచి ప్రసంగాలే అయి ఉండొచ్చు. కానీ అవి వేరే ఇంట్లో వండిన భోజనం. రోజూ బయటి తిండి తినేవాడి వంటింట్లో పొయ్యి వెలగదు.

మా అమ్మ సంగతి చెప్తాను. ఆమెకు చదువు రాదు. ప్రకాశం జిల్లాలో పొగాకు కంపెనీకి వెళ్లి, ఆకుల్ని రంగును బట్టి, మచ్చను బట్టి వేరు చేసే పని. పొద్దున్నే సద్దిమూట కట్టుకుంటూ “ఒక మాట చదవవే” అనేది. నేను బడికి వెళ్లే హడావిడిలో ఒక వచనం గబగబా చదివేదాన్ని. “ఇంకోసారి” అనేది. మూడోసారికి నోటికి వచ్చేసేది. ఆ ఒక్క మాటే సాయంత్రం దాకా ఆమె నోట్లో ఆడేది. చుట్టూ పాతికమంది ఆడవాళ్లు, ఘాటుకి తుమ్ములు, చేతులకి జిగురు. పక్కన కూర్చునే పిన్ని ఒకామె “మీ అమ్మ గొణుగుతూనే ఉంటదే” అని నవ్వేది.

ఒకరోజు 27వ కీర్తన చివరి వచనం చదివాను: “ధైర్యము తెచ్చుకొని నిబ్బరముగా నుండుము, యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము.” నాకు అప్పుడు పదకొండేళ్లు. కనిపెట్టుకుని ఉండటం అంటే ఎదురుచూడటం అని బడిలో నేర్చుకున్న అర్థం చెప్పాను. సాయంత్రం అమ్మ తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుంటూ అంది: “ఎదురుచూడటం కాదే. బేరన్ దగ్గర మంట కనిపెట్టుకుని ఉంటారే, అది.” బేరన్ అంటే పొగాకు కాల్చే కొట్టం. ఆకు కాల్చే రోజుల్లో రాత్రుళ్లు ఒక మనిషి బేరన్ దగ్గరే ఉండాలి. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే రంగు చెడుతుంది. అతను ఊరికే తెల్లారడం కోసం ఎదురుచూడటం లేదు. లేచి చూస్తాడు, ఒక కట్టె తోస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. ఆ వచనానికి నేను తర్వాత చాలా వ్యాఖ్యానాలు చదివాను. ఆమె చెప్పినంత దగ్గరగా నాకు ఏదీ రాలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ మాటలో ఉన్నది కాబట్టి ఆమెకు అది కనిపించింది.

మొదటి కీర్తనలో “దివారాత్రము దానిని ధ్యానించువాడు” అని ఉంది. ధ్యానం అనగానే మనకు కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం గుర్తొస్తుంది. అక్కడున్న హీబ్రూ క్రియ ‘హాగా’ మౌనానిది కాదు, నోటి చప్పుడుది. యెషయా 31లో సింహం తన వేట మీద నిలబడి గుర్రుమనడానికి ఇదే మాట. 38లో జబ్బుపడిన హిజ్కియా రాజు “గువ్వవలె మూల్గితిని” అన్న చోటా ఇదే. పిన్ని అన్న ‘గొణుగుడు’ చాలామంది పండితుల మాటకంటే మూలానికి దగ్గర. కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి మార్పు ఇది: కళ్లతో చదవడం ఆపి, నోటితో చదువు. రూమ్మేట్స్ ఉంటే మేడ మీదికి వెళ్లు. గట్టిగా అక్కర్లేదు, నీ చెవికి వినిపిస్తే చాలు.

రెండో మార్పు: ఆ సంవత్సరం పట్టిక పక్కన పెట్టు. మన బైబిల్లో 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు పైనే పడతాయి. క్రమం తప్పకుండా చేసేవాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ నీలా చల్లారిన మనిషికి అది అప్పుల పుస్తకంలా తయారవుతుంది. మూడు రోజులు తప్పితే తొమ్మిది అధ్యాయాలు బాకీ. బాకీ పడ్డవాడు అప్పిచ్చినవాడి వీధిలోంచి నడవడు. నువ్వు బైబిలు తెరవకపోవడానికి సోమరితనం కంటే ఈ భయమే ఎక్కువ కారణమని నా అనుమానం. (లేవీయకాండం మీద మాత్రం కోపం పెట్టుకోకు. ఎప్పుడైనా హెబ్రీ పత్రిక పక్కన పెట్టుకుని చదువు. ఆ బలులన్నీ ఎటు చూపిస్తున్నాయో తెలుస్తుంది.)

దాని బదులు ఫిలిప్పీ పత్రిక తీసుకో. నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. పైకి చదివితే పదిహేను ఇరవై నిమిషాలు. అపొస్తలుడు పౌలు దాన్ని బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి రాశాడు. ఒక నెలంతా అదొక్కటే చదువు. వారంలో రెండు రోజులు మొత్తం ఒకే బిగిన, మిగతా రోజులు ఎక్కడ మాట తగిలితే అక్కడ ఆగు. ఆ ఒక్క వచనం చీటీ మీద చేత్తో రాసి జేబులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లు. రెండో వారంలో విసుగొస్తుంది, తప్పకుండా వస్తుంది. “ఇదంతా తెలిసిందే” అనిపిస్తుంది. అక్కడ పుస్తకం మార్చకు. నా అనుభవంలో ఆ విసుగు దాటాకే పత్రిక మాట్లాడటం మొదలుపెడుతుంది. పాత అనువాదం కష్టంగా ఉంటే అర్థం కోసం వాడుక భాష బైబిలు చూసుకో, తప్పులేదు. కంఠతా పట్టేది మాత్రం పాతదే పట్టు. ఆ లయ వల్ల మాట నాలుక మీద నిలుస్తుంది. సండే స్కూల్లో నువ్వు చెప్పిన బంగారు వాక్యాలు ఇప్పటికీ గుర్తున్నది అందుకే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే, ఏడాదికి ఒక వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు గురించి కూడా రాశావు. మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే గాని కీడుకు కావని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 నీకు వచ్చిందనీ, ఆ ఏడే ఉద్యోగం పోయి బాగా కుంగిపోయాననీ అన్నావు. కార్డును నేను తప్పుపట్టను, మా ఇంట్లో అద్దానికి ఇప్పటికీ ఒకటి ఉంది. కానీ ఒక్క వచనం కోసుకుని తెచ్చుకుంటే, అది ఎవరికి, ఎప్పుడు రాసిన మాటో అక్కడే వదిలేసి వస్తాం. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం. పదో వచనంలో డెబ్బై సంవత్సరాలు అని స్పష్టంగా ఉంది. ఆ ఉత్తరం విన్న నలభై ఏళ్లవాడు తన కళ్లతో యెరూషలేము మళ్లీ చూడడు. అలాంటివాడికి దేవుడు ఏం చెప్పాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అన్నాడు. రాబోయేది మంచిదే, కానీ దానికి దారి డెబ్బై ఏళ్లు. ఉద్యోగం పోయిన ఏడాది నీ చేతిలో కార్డు బదులు ఆ ఉత్తరం మొత్తం ఉండి ఉంటే, దేవుడు మాట తప్పాడనిపించేది కాదు. పరాయి ఊళ్లో అద్దె గదిలో ఉన్న నీకే రాసినట్టు ఉండేది.

ఇక ఎండిపోయిన రోజుల గురించి. ఇది రాయడానికి నాకు కొంచెం కష్టం. మావారు నాలుగేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయారు. ఆ నాలుగేళ్లూ ప్రార్థించాను, ఉపవాసాలున్నాను. ఆయన పోయిన నెలకి, మాకు తెలిసిన ఒక విశ్వాసి మా ఇంట్లోనే కూర్చుని, విశ్వాసం తగ్గడం వల్లే జవాబు రాలేదని అన్నారు. ఆ తర్వాత ఏడాదిన్నర నాకు వాక్యం చదివితే ఇసుక నమిలినట్టుండేది. ఏడుపు కూడా వచ్చేది కాదు. శుక్రవారం స్టడీ ఆపేద్దామనుకున్నాను. స్టడీకి వచ్చే ఒక స్నేహితురాలు, “నువ్వు చదవొద్దక్కా, నేను చదువుతా, నువ్వు ఊరికే కూర్చో” అని రోజూ సాయంత్రం వచ్చి ఒక కీర్తన చదివి టీ తాగి వెళ్లిపోయేది. వివరణ లేదు, ఓదార్పు మాటలు లేవు. ఒకరోజు వరసలో 88వ కీర్తన వచ్చింది. ఏడుపుతో మొదలైన కీర్తనలు చాలావరకు స్తుతితో ముగుస్తాయి. అది అలా ముగియదు. “చీకటియే నాకు బంధువర్గమాయెను” అని ఆగిపోతుంది. ఆమె అక్కడ ఆపి నా వైపు చూసింది. నేను “ఇంకోసారి చదువు” అన్నాను, మా అమ్మలాగే. నా నోట రాని మాటలు దేవుడే తన గ్రంథంలో నాకోసం రాయించి పెట్టాడని ఆ రోజు తెలిసింది. ఆ కీర్తన రాసినవాడు కూడా ఆ చీకటి సంగతి దేవుడితోనే చెప్పుకున్నాడు, ఆ ఇల్లు వదిలి పోలేదు.

యిర్మీయా 15 కూడా చూడు. 16వ వచనంలో నీ మాటలు దొరకగా వాటిని భుజించాను, అవి నాకు సంతోషం అంటాడు. రెండే వచనాల తర్వాత, నువ్వు నాకు ఎండమావివి అవుతావా అని దేవుణ్ణే నిలదీస్తాడు. ఒకే మనిషి, ఒకే ప్రార్థన. కాబట్టి రుచి లేకపోవడాన్ని విశ్వాసం లేకపోవడంతో కలపకు. అయితే ఒక్క మాట. నిద్ర పట్టకపోవడం, తిండి మీద ఇష్టం పోవడం, బతకాలని లేకపోవడం వంటివి ఉంటే అది వేరే సంగతి, డాక్టరుకి చూపించుకో. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

ఒంటరిగా ఇది జరగదని కూడా నువ్వు గమనించాలి. హెబ్రీ 3:13 “ప్రతిదినము” ఒకరినొకరు బుద్ధి చెప్పుకోమంటుంది, ఆదివారం ఆదివారం అని కాదు. నీకు గుంపు అక్కర్లేదు, ఒక్క మనిషి చాలు. ఆఫీసులోనో సంఘంలోనో ఒకణ్ణి చూసుకుని, పొద్దున ఏ వచనం దగ్గర ఆగావో అతనికి వాయిస్ మెసేజ్ పెట్టు. ఫార్వర్డ్ చేసిన వాక్యం కాదు, నువ్వు నీ గొంతుతో చదివింది.

మన ఒంగోలు చరిత్ర నీకు తెలిసే ఉంటుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని ప్రతి సభలో చెప్తారు. అంతకు ముందుది చెప్పరు. ఆ అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లో మొదలైంది. నెల్లూరులో ఏళ్ల తరబడి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు నడిచింది. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. అదే మిషన్‌కు చెందిన మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. కొండ మీది ప్రార్థనకీ దీనికీ మధ్య పన్నెండేళ్లు. తర్వాత నదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది అక్షరం రాని మాదిగ కుటుంబాలవాళ్లు. విని విని, పాడి పాడి వాక్యాన్ని లోపల పెట్టుకున్నారు. మా అమ్మ చదువు కూడా అదే చదువు.

“చివరిదాకా నిలబడతానా” అన్నదానికి నేను హామీ ఇవ్వలేను, నా గురించి నేనే ఇచ్చుకోలేను. యేసు శిష్యుడు పేతురు ఇచ్చుకున్నాడు, ఆ రాత్రే ఆయన్ని ఎరగనని మూడుసార్లు బొంకాడు. కానీ అతను బొంకక ముందే ప్రభువు అన్న మాట లూకా 22లో ఉంది: “నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని.” పేతురు పట్టుకున్న పట్టు జారింది, అతన్ని పట్టుకున్న పట్టు జారలేదు. రక్షణ పోగొట్టుకోవచ్చా లేదా అని సంఘాల మధ్య ఉన్న వాదన నీకు ఇప్పుడు అక్కర్లేదు. ఈ వచనం దగ్గర కూర్చో.

ఇంకొకటి. 119వ కీర్తన బైబిల్లో అన్నిటికంటే పెద్ద అధ్యాయం, 176 వచనాలు. మొదటి నుంచి చివరిదాకా వాక్యం మీద ప్రేమే. నీ వాక్యం నా పాదాలకు దీపం అన్నదీ, నా హృదయంలో నీ వాక్యం ఉంచుకున్నాను అన్నదీ అందులోవే. అంత ప్రేమించినవాడు ముగింపులో ఏమంటాడో తీసి చూడు. “తప్పిపోయిన గొఱ్ఱెవలె నేను త్రోవవిడిచి తిరిగితిని, నీ సేవకుని వెదకి పట్టుకొనుము.” 175 వచనాల తర్వాత కూడా తనను వెతకమనే అడుగుతున్నాడు. నువ్వు పంపిన ప్రశ్న కూడా ఆ 176వ వచనమే, నీ మాటల్లో.

రేపు పొద్దున ఫిలిప్పీ మొదటి అధ్యాయం పైకి చదువు. వారం తర్వాత ఏ మాట దగ్గర ఆగావో ఇక్కడే రాయి. నేను చూస్తుంటాను.